బరువు చూసి కొన్న ల్యాప్‌టాప్

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. సన్నగా, వెండిరంగులో, చంకలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియని రకం అనుకుంటున్నారేమో, ఆ భ్రమ ఇప్పుడే వదిలేయండి. నేను బండరకం. నల్లటి ఒళ్ళు, వెనక రెండు పెద్ద గాలిరంధ్రాలు, ఎర్రగా వెలిగే కీబోర్డు. నా ఛార్జరే ఇటుకంత ఉంటుంది. ఎనిమిదేళ్ళు బతికాను. మా జాతిలో అది నిండు నూరేళ్ళ కింద లెక్క. కాబట్టి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

పుట్టుక గురించి గొప్పలు పోవడానికేం లేదు. ఎక్కడో చైనాలో, తలకు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చున్న బల్ల మీద ఒకరు మెదడు అమర్చారు, ఒకరు ఫ్యాన్లు బిగించారు, ఒకరు మూత వేశారు. ఒక్కరూ నా మొహం రెండోసారి చూడలేదు. ఓడెక్కి, లారీ దిగి, విజయవాడలో ఒక కంప్యూటర్ దుకాణంలో తేలాను. ఆటలాడేవాళ్ళ కోసం చేసిన యంత్రం అని నా అట్టపెట్టె మీద కొట్టొచ్చినట్టు కనబడేలా రాసి ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే నన్ను కొన్న పిల్ల ఆ పెట్టెను తండ్రి కంట పడకుండా దాచడానికి నానా తంటాలూ పడింది.

ఆ పిల్ల పేరు వినీల. డిజైన్ కాలేజీలో సీటొచ్చింది. తండ్రి వీరబ్రహ్మంగారు పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే మనిషి. టేకు దిమ్మె మీద ఆయన లతలు, పువ్వులు, నెమళ్ళు చెక్కి ఇస్తే, అద్దకంవాళ్ళు వాటిని రంగులో అద్ది గుడ్డ మీద వేస్తారు. జూన్ నెల ఎండలో బస్సు దిగి, చెమటలు కక్కుతూ ఇద్దరూ దుకాణంలోకి వచ్చారు.

వినీల చేతిలో ఒక నోటుపుస్తకం. అందులో మూడు నెలల పరిశోధన ఉంది. ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్, తెర మీద రంగులు ఎంత నిజంగా కనబడాలి, అన్నీ రాసుకుంది. గ్రాఫిక్స్ కార్డు అన్న మాట కింద రెండు గీతలు గీసింది. డిజైన్ సాఫ్ట్‌వేర్ నడవాలంటే అది లేకపోతే కుదరదని ఇంట్లో చెప్పి ఒప్పించింది. అబద్ధం కాదు లెండి. కాకపోతే గుర్రాల మీద రాజ్యాలు తిరిగే ఒక ఆట ఉంది, అది ఆడాలన్నా ఆ కార్డే కావాలి. ఆ ముక్క మాత్రం నోటుపుస్తకంలో రాయలేదు.

సేల్స్‌మన్ ముందు మూడు సన్నరకాలు చూపించాడు. చదువుకునే పిల్లలు మోసుకెళ్ళడానికి తేలిగ్గా ఉంటాయని, ఇప్పుడంతా ఇవే కొంటున్నారని ఊదరగొట్టాడు. వీరబ్రహ్మంగారు ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని తూచారు. తర్వాత టేకు దుంగను పరీక్షించినట్టు వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వుకున్నారు. వినీల సిగ్గుతో చచ్చిపోయింది.

"ఇయ్యన్నీ అప్పడాలు బాబూ. బరువు లేని చెక్క మీద ఉలి నిలవదు. బరువున్నది చూపించండి," అన్నారాయన.

అలా మూలనున్న అరలోంచి నన్ను దించారు. ఆయన నన్నెత్తి, కొట్టి చూసి, తల ఊపారు. అదే నాకు జరిగిన మొదటి సన్మానం. వినీల నోటుపుస్తకంతో సరిచూసుకుంది. అన్నీ కలిశాయి. మూడు నెలల పరిశోధనా, ఒక వేలికణుపూ ఒకే చోటికి వచ్చి చేరాయి. ఎవరి కారణం వాళ్ళది, ఇద్దరికీ నేనే.

హాస్టల్లో నా జీవితం రాజభోగం. పగలు గీతలు, రంగులు, త్రీడీ బొమ్మలు. సాయంత్రం భోజనం గంట కొట్టేదాకా గుర్రాలు, కత్తులు. అప్పడాలు కొన్న పిల్లలు పెద్ద పని పడినప్పుడల్లా వినీల గదికి క్యూ కట్టేవాళ్ళు. నా ఫ్యాన్లు తిరిగితే పక్క గదికి వినబడేది. నన్ను పిండిమర అని పిలిచేవాళ్ళు. పిలవనీండి. పిండి ఆడించుకోవడానికి వచ్చింది వాళ్ళే కదా.

మూడో ఏడు వేసవి సెలవులకు పెడన వెళ్ళాం. ఒక మధ్యాహ్నం వినీల నా ముందు కూర్చుని గుర్రం తోలుతోంది. వీరబ్రహ్మంగారు వెనక స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశారు. ఇది కూడా చదువేనా అని అడిగారు. త్రీడీ నాన్నా, అంది వినీల. ఈ చదువులో గుర్రాలు మేపడం ఎక్కువుందే అన్నారాయన. ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది. తెలియనట్టు ఉండటం తండ్రుల మర్యాద.

గుర్రం ఒక రాజమహల్లోకి వెళ్ళింది. ఆయన ఆగమన్నారు.

"ఆ స్తంభం మీద లత చూడు. కింద నుంచి మూడో అతుకులో కలవలేదు. తొందరపడ్డాడు చెక్కినవాడు."

వినీల నవ్వబోయి, బొమ్మను దగ్గరికి జరిపి చూసింది. నిజమే. కోట్లు పోసి చేసిన ఆటలో లత ఒకచోట తెగి, పక్కకు జరిగి మళ్ళీ మొదలైంది. ఇంతమంది ఆడుతున్నారు, ఒక్కడూ చూడలేదు. నేనూ చూడలేదు, చూపిస్తున్నది నేనే అయినా. ఆ రోజు ఆట అక్కడే ఆగిపోయింది. వినీల మొదటిసారిగా తండ్రి పని గురించి అడగడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆయన గూట్లోంచి ఒక పాత అచ్చు తీశారు. జానెడు టేకు ముక్క మీద ఒక హంస. మెడ వంపు, ముక్కున తామరతూడు, ఈకకు ఈకకు మధ్య వెంట్రుకవాసి సందు. ఆయన తండ్రి లక్ష్మయ్యాచారిగారు చెక్కిన ఆఖరి అచ్చు అది. చీర అంచులో రెండు హంసలు ఎదురెదురుగా ఉండాలి. ఒకటి పూర్తిచేసి, రెండోదానికి చెక్క చదును చేసి పెట్టుకుని ఆయన పోయారు. చదును చేసిన ఆ చెక్క ఇరవై ఆరేళ్ళుగా అలాగే ఉంది. జోడీ చెక్కాలని వీరబ్రహ్మంగారికి ఎప్పుడూ ఉండేది. ఇవాళ కాదు రేపు, ఈ పని అయ్యాక ఆ పని. నాన్న చెక్క మీద ఉలి పెట్టాలంటే చెయ్యి రాలేదని చివరికి ఒప్పుకున్నారు.

ఇక వాయిదా వేసే వీల్లేకుండా పోయింది. ఆయనకెప్పటినుంచో ఉన్న షుగరు కొద్ది నెలల్లో కళ్ళకు పాకింది. మచిలీపట్నం డాక్టరు మందులిచ్చి, సూదులు పొడిచి, ఉన్న చూపును కొన్నాళ్ళు నిలబెట్టగలనే గానీ పోయింది తేలేనని చెప్పాడు. చెక్కడానికి చెయ్యి ఉంది. గీయడానికి చూపు చాలదు. పెద్ద భూతద్దం పెట్టుకుంటే అంగుళం మేర కనబడుతుంది, మిగతాది మసక. హంసకు జోడీ చెక్కితే ఇప్పుడే చెక్కాలి, ఒక్కటే చెక్కగలరు. బొమ్మ నేను గీస్తానంది వినీల. అదే తన చివరి ఏడాది ప్రాజెక్టుగా పెట్టుకుంది.

తాతగారి అచ్చును కాగితం మీద వేసి, స్కాన్ చేసి, నాలో పెట్టుకుంది. నెలన్నర ఒక్కో ఈక గీసింది. ఆ నెలన్నరా గుర్రం ముట్టుకోలేదు. నా బతుకులో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు. జోడీ తయారైంది.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది, చెప్పకపోతే మీకు అర్థం కాదు. అచ్చు మీద బొమ్మ గుడ్డ మీద తిరగబడుతుంది. గుడ్డ మీద హంస ఎడమకు చూడాలంటే చెక్క మీద కుడికి చూడాలి. చదువుకున్న పిల్ల కాబట్టి వినీల అది గుర్తుపెట్టుకుని, నాలో ఒక్క మీట నొక్కి బొమ్మను తిప్పింది. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీయించి పెడనకు పంపింది. పాత అచ్చు ఫొటోలకని కాలేజీలోనే ఉంచుకుంది.

మరి పెడనలో అచ్చులవాళ్ళు తరతరాలుగా ఏం చేస్తున్నారు? గుడ్డ మీద ఎలా కనబడాలో అలాగే కాగితం మీద గీస్తారు. ఆ కాగితాన్ని బోర్లా తిప్పి చెక్క మీద పరుస్తారు. తిప్పడం వాళ్ళకు ఊపిరి తీయడం లాంటిది. వీరబ్రహ్మంగారు కూతురి కాగితాన్ని కళ్ళకద్దుకుని, తిప్పి, తండ్రి చదును చేసిన చెక్క మీద పరిచారు. కూతురు ఒకసారి తిప్పింది, తండ్రి ఒకసారి తిప్పాడు. ఒకరినొకరు అడగలేదు. పద్ధతి తెలిసినవాళ్ళకు అడగాలని ఎందుకు తోస్తుంది?

ఆయన పంతొమ్మిది రోజులు చెక్కారు. భూతద్దం కింద అంగుళం, అంగుళం. ఫోనులో గొంతు వింటే తెలిసేది, ఎంత ఆనందంగా ఉన్నారో. మా నాన్న చెక్క ఎంత బాగా ఆరిందో, ఉలికి వెన్నలా తెగుతోందమ్మా అనేవారు. ఆఖరి రోజుల్లో ఎడమకంటి చూపు పూర్తిగా పోయింది. ఆ సంగతి అచ్చు పూర్తయ్యాకే చెప్పారు.

ప్రాజెక్టు ఇవ్వడానికి ఐదు రోజులుందనగా వినీల పాత అచ్చునూ, నన్నూ సంచిలో వేసుకుని పెడన వచ్చింది. ఇంటి పక్కనే అద్దకం షెడ్డు. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచారు. నన్ను స్టూలు మీద తెరిచి పెట్టారు, నాలో హంసలు ఎదురెదురుగా ఉన్నాయి. వినీల తాతగారి హంసను వేసింది. పక్కన నాన్న హంసను వేసి, అచ్చు పైకి ఎత్తింది.

రెండు హంసలూ ఒకే వైపు చూస్తున్నాయి.

వినీల గుడ్డ వంక చూసింది, నా వంక చూసింది. ఎక్కడ జరిగిందో ఆ పిల్లకు అర్థమైంది, నాకూ అర్థమైంది. నేను తిప్పిన తిప్పుడు ఒక్క మీటతో వెనక్కి వస్తుంది. పంతొమ్మిది రోజులు, ఒక కన్ను, ఇరవై ఆరేళ్ళు దాచిన చెక్క, ఇవి రావు. సిగ్గేసింది నాకు. నిజంగా సిగ్గేసింది.

"ఎట్టా పడిందమ్మా?" అన్నారు వీరబ్రహ్మంగారు. ఆయన ఎదురుగానే కూర్చున్నారు. తెల్ల గుడ్డ, దాని మీద మసక. అంతకు మించి కనబడటం లేదు.

బాగా పడింది నాన్నా అంటే సరిపోయేది. ఆ మాట వినీల నోటిదాకా వచ్చింది. పెదవులు కదలడం నేను చూశాను. కానీ అనలేకపోయింది. కింద కూర్చుని, ఆయన మోకాళ్ళు పట్టుకుని, నేనూ తిప్పాను నాన్నా, అడక్కుండా తిప్పాను, అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆయన రెండు అచ్చులూ ఒళ్ళోకి తీసుకున్నారు. రంగు అంటుతున్నా పట్టించుకోకుండా బొటనవేలితో మెడలు తడిమారు, ముక్కులు తడిమారు. తండ్రి హంస, తన హంస. మళ్ళీ తండ్రి హంస. మొహం పాలిపోయింది. అద్దకంవాళ్ళు కూడా చేతులు తుడుచుకుని నిలబడిపోయారు.

ఆయన రెండు అచ్చులనూ ఒకదాని వెనక ఒకటిగా బల్ల మీద పెట్టారు.

"మా నాయన బతికున్నన్నాళ్ళూ ఆయనకెదురుగా నేను కూచుంది ఎప్పుడు గనక? సంతకెళ్ళినా, పనికెళ్ళినా ఆయన ముందు, నేను ఎనకాల. ఎదురుగా కూచోబెడితే నాకే ఊపిరాడేది కాదు. ఇట్టాగే ఉండనీ తల్లీ. ఇదే నిజం."

వినీల ఆ రోజంతా నా ముందు కూర్చుని అంచు మొత్తం మార్చింది. ఎదురెదురు హంసలు తీసేసి నడిచే హంసలు పెట్టింది. పెద్దాయన ముందు, కొడుకు వెనక, చీర పొడుగునా. కాలేజీలో జోడీ హంసలు ఒకదాన్నొకటి ఎందుకు చూసుకోవడం లేదని అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను సంచిలో ఉన్నాను, అంతవరకే విన్నాను.

ఆ తర్వాత నా సంగతి ఏముంది, అందరికీ ఉండేదే. వినీల హైదరాబాదులో ఒక బట్టల కంపెనీలో చేరింది. కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుంది. సన్నది. అప్పడం. పోన్లెండి, రోజూ మెట్రోలో మోసుకెళ్ళాలి పాపం. నా బ్యాటరీ ఉబ్బితే తీసేశారు. తెర మీద ఒక పచ్చగీత నిలువునా దిగింది. ఆటలు ఎక్కవు, ఎక్కించేవాళ్ళూ లేరు. పెడనలో అచ్చుల గదిలో గూట్లో ఉంటాను. కరెంటు తగిలిస్తే పాత బొమ్మలు చూపించగలను. ఉలి చప్పుడు వింటూ కూర్చుంటాను. హాస్టల్ రోజులు గుర్తొచ్చినప్పుడు కాస్త బెంగగా ఉంటుంది, కాదనను.

ఉలి పట్టేది ఇప్పుడు వినీల. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి తండ్రి దగ్గర నేర్చుకుంటోంది. ఆయనకు రెండో కన్నూ పోయింది. వేళ్ళతో చూసి చెబుతారు. రెండేళ్ళలో ఆరు దిమ్మెలు పాడుచేసింది. తిట్లు తింది. ఉలి జారి చెయ్యి కోసుకుంది. మొన్న ఆదివారం ఏడోది పూర్తయింది. అదీ హంసే. ఈకలు కాస్త మొరటుగా ఉన్నాయి, మెడ వంపు మాత్రం వచ్చింది. ఎటు తిప్పాలో ముందే తండ్రిని అడిగి మరీ తిప్పింది.

తాతది, తండ్రిది, తనది, మూడు హంసల అచ్చులూ బల్ల మీద వరసగా పెట్టింది. వీరబ్రహ్మంగారు మొదటిదాన్ని తడిమారు, రెండోదాన్ని తడిమారు. మూడోదాని దగ్గర చెయ్యి చాలాసేపు ఆగింది. ఈకలు, కన్ను, ముక్కు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎడం ఎంతుందో జానతో కొలిచారు.

"కాస్త దగ్గరికి జరుపమ్మా," అన్నారు, "పిల్ల ఎనకబడిపోతోంది."