ఎవరిదీ కాని వాక్యం

ఆ పొద్దున రాజధానిలో జనక్‌పురి మీద ఆకాశం ఆరిపోయిన కుంపట్లో బూడిదలా ఉంది. సూర్యుడు ఉన్నాడు గానీ, మాసిన రాగి కానీలా ఉన్నాడు. తేరిపార చూసినా కళ్లు చెదరలేదు. సుభాషిణి పొగ లోపలికి రాకుండా వంటింటి కిటికీ మూసి, కుక్కర్ మూత బిగించింది.

"రెండు కూరలూ చేసి పెట్టి పో అమ్మాయ్. నీ మీటింగు ఏ వేళకి తెములుద్దో," అంది హాల్లోంచి అత్తగారు మాణిక్యాంబ.

"రెండూ అయ్యాయి అత్తయ్యా. చారొక్కటే ఉంది."

"ఇవాళ మీ కోడలికి ప్రమోషనమ్మా," అన్నాడు ఆమె భర్త సుధీర్ బూట్లు తొడుక్కుంటూ. "రోజూ గోడ పక్క కుర్చీ. ఇవాళ బల్ల దగ్గర."

"ఎందుకట?"

"అవతలి వాళ్లు ఒక ఆడమనిషిని తెస్తున్నారు. ఇటువైపు ఒక్కరైనా లేకపోతే ఫొటోలో బావుండదని."

అతను అబద్ధమాడలేదు. నిన్న ఆఫీసులో రఘునందన్ గారు అన్న మాట అదే. సంబరం పట్టలేక సుభాషిణే ఇంటికొచ్చి చెప్పింది. చెప్పిన నోటికి ఇప్పుడు కారం రాసినట్టుంది. చారులో పోపు వేసి, చెయ్యి కడుక్కుని, మెట్రోకి నడిచింది.

ఆమె పనిచేసే చోటు సాకేత్‌లో ఉంది. ప్రభుత్వ విధానాల మీద ఆలోచనలు చెప్పే సంస్థ, థింక్ ట్యాంక్ అంటారు. పొరుగు దేశంతో మన ప్రభుత్వానికి మాటలు ఆగిపోయి కొన్నేళ్లయింది. అధికారులు కలవకూడని చోట రిటైరైన అధికారులు కలుస్తారు. టీ తాగుతారు, వాదించుకుంటారు, చివరికి ఒక ఉమ్మడి ప్రకటన ఇస్తారు. ఆ కాగితం మెల్లగా రెండు రాజధానుల్లోని ఫైళ్లలోకి పాకుతుంది. సరిహద్దులో కుళ్లిపోతున్న ఉల్లిపాయల లారీలు ఒక్కోసారి దానివల్లే కదులుతాయి. బయటికి కనిపించేది ఇంతే. కనిపించనిదేమిటంటే, పెద్దలు బల్ల దగ్గరికి వచ్చే నాటికే ఆ ప్రకటన ముప్పాతిక వంతు రాయడం అయిపోయి ఉంటుంది. ఇటువైపు రాసేది సుభాషిణి. వెళ్లేది సంస్థ అధిపతి రఘునందన్ గారి పేరుతో. "నువ్వు రాస్తే నేను రాసినట్టేనమ్మా," అంటారాయన. మొదట్లో ఆమె ఆ మాటను మెప్పు అనుకుంది.

అటువైపు నుంచి జవాబులు ఒక మాజీ రాయబారి పేరుతో వచ్చేవి. చాలాకాలంగా ఆ జవాబుల్లో ఆమె ఒక మనిషిని చూసుకుంటూ వచ్చింది. ఆయన ప్రతి వాక్యం దగ్గరా ఆగేవాడు. 'ఈ మాటను మీరు ఎందుకు మెత్తబరిచారో అర్థమైంది, అలాగే ఉంచుదాం' అని రాసేవాడు. తన రాతను అంత ఓపికగా చదివిన మగవాడు ఆమెకు ఇంట్లో లేడు, ఆఫీసులో లేడు. పప్పు కడుగుతున్నప్పుడు, మెట్రోలో కమ్మీ పట్టుకు వేలాడుతున్నప్పుడు ఆయన గుర్తొచ్చేవాడు. అది ప్రేమ కాదు. గొడ్డులా చాకిరీ చేసే మనిషిని ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచినట్టు, అంతే. ఆ పేరు తనది కాకపోయినా సరే.

పోయిన నెల ఆయన ఒక కొత్త వాక్యం చేర్చాడు. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర సరుకు మోసే ఆడవాళ్లకు మరుగుదొడ్లు, కూర్చోవడానికి నీడ రెండు దేశాలూ కల్పించాలని. సుంకాలు, కరెంటు అమ్మకాలు, రేవుల మధ్య ఇదేమిటని సుభాషిణి రఘునందన్ గారి పేరుతోనే అడిగింది. 'నేను అక్కడ ఒక రోజంతా నిలబడ్డాను. నీళ్లు తాగకుండా నిలబడ్డాను' అని జవాబొచ్చింది. ఆ రెండు ముక్కలనూ ఆమె చాలాసేపు చూసింది. చిన్నప్పుడు పిన్నిగారి ఊరికి బస్సులో వెళ్తుంటే అమ్మ నీళ్లు ముట్టనిచ్చేది కాదు, దారిలో ఎక్కడ దిగుతావని. ఆ దాహం ఒక మగవాడికి, అందులోనూ రాయబారికి తెలిసిందంటే ఎంత దొడ్డ మనసో అనుకుంది. ఇంకేమీ అనుకోలేదు.

మీటింగు హాల్లో బల్ల మీద పేరు చీటీలు అమర్చింది ఆమే. తన చీటీ చివరన పెట్టుకుంది. ఎదురు కుర్చీలో అటువైపు నుంచి వచ్చిన చాందిని. తనంత వయసే, మాట తక్కువ.

"మీ వైపు ఒకామె ఉంటుందని నన్ను తెచ్చారు," అంది చాందిని టీ వేళ ఇంగ్లీషులో, మెల్లగా.

"అచ్ఛా? మీరు వస్తున్నారని నన్ను కూర్చోబెట్టారు."

ఇద్దరూ నవ్వబోయి ఊరుకున్నారు.

సుభాషిణి కళ్లు రాయబారి మీదే ఉన్నాయి. తెల్ల మీసం, మంచి కంఠం. ఆయన ఆ వాక్యం ఎలా చదువుతాడో వినాలని పొద్దుటి నుంచి కాచుకుని ఉంది. ఆయన కాగితం మీద వేలు పెట్టి, కొత్త ఊళ్లో దారి వెతుక్కునేవాడిలా చదువుకుంటూ వచ్చి, అక్కడ ఆగాడు.

"మరుగుదొడ్లా? ఇది ఎవరు పెట్టారు? రఘునందన్, మీ వాళ్లా?"

రఘునందన్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. "మాది కాదే. మీరే పంపారేమో అనుకున్నాను."

"మాదీ కాదు. నేను చూడనేలేదు."

ఆ బల్లకో మర్యాద ఉంది. ఏ పక్షం పెట్టిన వాక్యాన్ని ఆ పక్షమే వెనక్కి తీసుకోవాలి, రెండోవాళ్లు కొట్టెయ్యకూడదు. ఎవరిదీ కానిదానికి ఆ అడ్డు లేదు.

"తల్లీ తండ్రీ లేని వాక్యం," అన్నాడు రాయబారి. బల్ల చుట్టూ నవ్వారు. ఆయన కలం మూత తీశాడు.

ఇన్నాళ్లూ ఆ జవాబుల్లో సుభాషిణి చూసుకున్న మనిషి ఆ కుర్చీలో లేడు. ఎన్నడూ లేడు. ఎదురుగా చాందిని తల వంచుకుని బల్ల అంచును వేళ్లతో గట్టిగా పట్టుకుంది. గోళ్లు తెల్లబడ్డాయి. పుట్టింటివాళ్ల ముందు మొగుడు తిట్టినప్పుడు తన అక్క గుమ్మం పట్టుకున్న తీరు అది. రోజంతా నీళ్లు తాగకుండా నిలబడ్డది ఎవరో అప్పుడు తెలిసింది. మగవాళ్ల పేర్ల చాటున ఇద్దరు ఆడవాళ్లు ఇన్నాళ్లూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. అంత మర్యాదనూ మగవాడి ఖాతాలో వేసింది తనే.

చాందిని నోరు విప్పితే తన దేశం తిరిగి వెళ్లాక ఆమె ఉద్యోగం ఏమవుతుందో సుభాషిణికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"మాదే సార్," అంది సుభాషిణి. తన గొంతు ఆ హాల్లో వినడం ఆమెకు అదే మొదలు. "నేను రాశాను. వెనక్కి తీసుకోవడం లేదు."

రఘునందన్ గారు తల తిప్పి, గోడ మాట్లాడినట్టు చూశారు. "అమ్మా సుభాషిణీ..."

"కాదు," అంది చాందిని. తలెత్తింది. "ఆమె రాయలేదు. నేను రాశాను. నేనూ వెనక్కి తీసుకోను."

రాయబారి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరిని కోప్పడాలో తోచక కలానికి మూత పెట్టాడు.

"రెండు పక్షాలూ తమదంటుంటే కొట్టెయ్యడానికి లేదు," అన్నాడు. తరవాతి పేరాకు వెళ్లాడు.

భోజనాల వేళ రఘునందన్ గారు ఆమె పక్కకొచ్చి, పెదవులు కదలకుండా అన్నారు. "ఇంటికెళ్లే ముందు నా గదికి రా. ముందు రాయబారి గారికి పెరుగు అందిందో లేదో చూడు."

ప్రతి మీటింగుకీ ఆమె అదే చూసేది. ఎవరికి ఉప్పు తక్కువ కావాలో, ఎవరు ఉల్లి తినరో. అందరూ లేచాక గిన్నెల్లో అడుగున మిగిలింది నిలబడి తినేది. ఇంట్లోనూ అంతే.

"వడ్డించే భయ్యా అక్కడే ఉన్నాడు సార్. అడిగితే ఇస్తాడు," అంది. "గదికి వస్తాను. ఇకమీదట నా రాత నా పేరుతోనే వెళ్తుందని చెప్పడానికి నేనే వద్దామనుకున్నాను."

ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు. కంచంలో వేడన్నం, పప్పు పెట్టుకుని కిటికీ పక్క చిన్న బల్ల దగ్గరికి వెళ్లింది. చాందిని అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. ఎదురు కుర్చీ కాస్త వెనక్కి లాగి ఉంది.

చాందిని నీళ్ల జగ్గు ఎత్తి రెండు గ్లాసులూ అంచుదాకా నింపింది. సుభాషిణి గ్లాసెత్తి ఆగకుండా తాగింది. తరవాత ఇద్దరూ అన్నం కలుపుకుని, తలలెత్తకుండా, తొందర లేకుండా తిన్నారు.