దాల్చినచెక్క నీళ్ళు

...అలాగని మరీ ఎక్కువ వెయ్యకూడదు, రెండు ముక్కలు చాలు, ఆపిల్ తొక్కలు ఓ గుప్పెడు, నీళ్ళు తెర్లకూడదు, ఊరికే కదులుతూ ఉండాలి. ఘాటెక్కిందంటే ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, ఇక్కడ ఏం దాస్తున్నారా అనుకుంటారు. దాచేది ఉండనే ఉంది. ఓపల్ గారింటి నేలమాళిగలో తూర్పు గోడ మంచు కరిగిన ప్రతిసారీ చెమ్మగిల్లుతుంది. పద్దెనిమిదేళ్ళుగా మార్లిస్ ఇలాంటి గోడల మీద దాల్చినచెక్క వాసన కప్పుతూనే ఉంది.

ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు ఆమె భర్త రాయ్స్. కిరాణా కొట్టు ముందు బెంచీ మీద అంటించిన ప్రకటనలో నవ్వుతూ ఉండే బొమ్మ అతనిదే. ఇల్లు అమ్మకానికి రాగానే మార్లిస్ వెళ్ళి కిటికీలు తుడుస్తుంది, మాడిన బల్బులు మారుస్తుంది, కుక్క బొచ్చు ఏరుతుంది. "మా ఆవిడ సువాసనల శాఖ చూస్తుంది" అని అతను చెయ్యి కలుపుతూ చెబుతాడు, వచ్చినవాళ్ళు నవ్వుతారు. "నీకు పొద్దుపోవడానికి బాగుంది కదమ్మా" అంటుంది అత్తగారు ఇర్మా. ఇల్లు అమ్ముడైన మధ్యాహ్నం "అమ్మేశాం" అనేవాడు రాయ్స్, సాయంత్రానికది "అమ్మేశాను" అయ్యేది. ఆ మాట మారిన ప్రతిసారీ తనకి కోపం రావాలి కదా, మరి గుండెల్లో ఏదో బరువు దిగినట్టు ఎందుకుండేది? ఈ ఏడాదే ఆమెకి అర్థమైంది. వాసనని ఎవరూ తప్పు పట్టరు. వాసన వెనక నిలబడ్డ మనిషిని ఎవరూ ఏమీ అడగరు. అందులో ఒక సుఖం ఉంది. ఆ సుఖానికే ఆమె అన్నేళ్ళు అలవాటుపడింది.

కానీ అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. రాయ్స్ మగవాళ్ళకి గరాజ్ చూపిస్తుంటే ఆడవాళ్ళు వంటింట్లోకి వచ్చేవాళ్ళు. చలికాలం ఇల్లు వెచ్చగా ఉండాలంటే గ్యాసు ట్యాంకు ఎన్నిసార్లు నింపించాలి? చంటిపిల్లల్ని చూసేవాళ్ళున్నారా, నెలకెంత అడుగుతున్నారు? గుడ్లు ఇక్కడా అంత మండిపోతున్నాయా? పక్క కౌంటీలో బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టాక అద్దెలు సగానికి సగం పెరిగాయనీ, రెండు జీతాలున్నవాళ్ళు కూడా అమ్మగారింటి వెనక క్యాంపర్ బండిలో కాపురముంటున్నారనీ, వడ్డీలు పెరిగి పెద్ద ఇళ్ళు కదలకపోయినా ఓపల్ గారిలాంటి రెండు గదుల ఇళ్ళకి చూసేవాళ్ళు వస్తూనే ఉంటారనీ ఆమెకి తెలిసింది ఆ వంటిళ్ళలోనే. అవన్నీ రాత్రి భోజనం దగ్గర రాయ్స్‌కి చెప్పేది. మార్చిలో వ్యాపారుల విందులో అతను 'మన కౌంటీలో ఇళ్ళ భవిష్యత్తు' గురించి మాట్లాడితే మాటకి మాటా అవే. "మార్కెట్ నాడి రాయ్స్ చేతిలో ఉందిరా" అన్నారెవరో. ఆ సమయానికి మార్లిస్ వాళ్ళ పళ్ళాల్లో బంగాళదుంపల సలాడ్ వడ్డిస్తోంది. గరిటె ఒక్క క్షణం ఆగింది. ఆ మర్నాడే ఇళ్ళ ఏజెంటు లైసెన్సు పరీక్షకి ఫీజు కట్టింది.

వెనక తలుపు తెరుచుకుని ఓపల్ గారు వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి, వారం క్రితమే కూతురి దగ్గరికి మారింది.

"రాయ్స్ రాలేదా?"

"లేదండీ. నేనే."

"ఎప్పుడూ నువ్వేగా. ఏదీ, ఆ కాగితం తే. మొన్ననే తెస్తావనుకున్నాను."

ఇల్లు అమ్మిపెట్టడానికి ఇంటివాళ్ళతో రాసుకున్న ఆరు నెలల ఒప్పందాలు ముగిసే ముందు కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకురావడం మార్లిస్ పని. వెంట ఓ కాఫీ కేకు కూడా తీసుకెళుతుంది. రాయ్స్‌కి ఆ తేదీలు ఎప్పుడూ గుర్తుండవు, గుర్తుంచుకోవాల్సిన అవసరం రాలేదు. సోమవారం ఆమె చెప్పింది కూడా: "ఓపల్ గారి గడువు శనివారంతో అయిపోతుంది, రాయ్స్." అతను ఫోన్‌లోంచి తలెత్తలేదు. "అవన్నీ నువ్వే చూసుకో" అన్నాడు.

చూసుకుంది.

"ఓపల్ గారూ, నిన్నటితో మీకు రాయ్స్‌తో ఒప్పందం అయిపోయింది. మళ్ళీ ఆయనకే ఇవ్వాలంటే ఆయన్ని రమ్మంటాను. ఈ కాగితం మాత్రం నాది. నేనిప్పుడు ఇళ్ళు అమ్మే కాలీన్ గారి ఆఫీసులో ఏజెంటుగా పనిచేస్తున్నాను. చదివి ఆలోచించుకోండి."

ముసలామె కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. మార్లిస్ పొయ్యి వైపు చూస్తూ నిలబడింది. వద్దంటే? ఊరంతా నవ్వితే?

"నేలమాళిగ చెమ్మ సంగతి ఇంత పెద్ద అక్షరాల్లో రాశావేం?"

"ఉన్నదే కదండీ. ఆ గోడకి కాలవ తీయించడానికి ఎంతవుతుందో కూడా కనుక్కుని కింద రాశాను. భయపడి పారిపోయేవాళ్ళు ఎటూ కొనరు."

"రాయ్స్ నా ఇంటికి ఆర్నెల్లలో రెండుసార్లొచ్చాడమ్మాయ్. రెండోసారి వచ్చింది మర్చిపోయిన గొడుగు కోసం." ఓపల్ గారు కలం అందుకుంది. "ఇంతకీ ఎక్కడ పెట్టాలి?"

ఇద్దరూ కలిసి పచ్చికలో రాయ్స్ బొమ్మ ఉన్న పాత బోర్డు పీకి వరండాలో గోడకి ఆనించారు. కొత్తది అదే గుంటలో దిగింది. దాని మీద మొహం లేదు, పేరుంది.

ఒంటిగంటన్నరకి రాయ్స్ ఫోన్ చేశాడు, ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ చేరే చర్చి కాఫీ హాల్లోంచి.

"పొయ్యి మీద పెట్టావా? పోయినసారి వాసన చాల్లేదు."

"రెండింటికి ఇల్లు చూపించడానికి నువ్వు రానక్కర్లేదు, రాయ్స్. నీ గడువు నిన్నటితో అయిపోయింది."

"అదేంటి, సంతకం పెట్టించలేదా?"

"పెట్టించాను. నా పేరు మీద."

అవతల కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"నీకు లైసెన్సేంటి? ఎవరిచ్చారు?"

"రాష్ట్రం ఇచ్చింది. తొంభై మార్కులొచ్చాయి."

"ఇంటికి రా, మాట్లాడదాం."

"నాలుగింటికి వస్తాను. అన్నం నీకు నువ్వే వేడి చేసుకో."

రెండింటికి ఐదు నిమిషాలుండగా గుమ్మంలో ఫ్యాక్టరీ చొక్కాతో ఒకమ్మాయి నిలబడింది, చంకలో బిడ్డ. గాలి పీల్చి, కాస్త అనుమానంగా నవ్వింది.

"ఏజెంటు గారు ఎక్కడండీ?"

"నేనే" అంది మార్లిస్. ఆ మాట ఆమె అనుకున్నంత బరువుగా లేదు. వెళ్ళి పొయ్యి ఆర్పింది, గిన్నెలో నీళ్ళు సింకులో ఒంపేసి కిటికీ బార్లా తెరిచింది.

"రండమ్మా, ముందు నేలమాళిగ చూద్దాం."