మింగింది కక్కు

నాగవేణి టిఫిన్ బండిని పోలీసులు తోసుకుపోయిన నాటి నుంచి మా బస్టాండులో పొద్దుటి తాలింపు వాసన లేకుండా పోయింది. లోకంలో ఇంతకంటే పెద్ద నష్టాలు జరుగుతుంటాయని నాకు తెలియక కాదు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. కానీ భార్య పోయాక వంట చేతగాక, రోజూ ఉదయం ఆ బండి ముందు ప్లేటు పట్టుకుని నిలబడే మనిషికి సామ్రాజ్యాలు కూలిపోవడం కంటే ఇడ్లీ పాత్ర కనిపించకపోవడమే పెద్ద సంగతి. నాగవేణి నా కోసం కారం లేని చట్నీ వేరే గిన్నెలో తీసి ఉంచేది. నేను ఎప్పుడూ అడగలేదు. మెచ్చుకోబోతే మాత్రం "గమ్మున తినండి సార్, సల్లారిపోతాది" అనేది.

మా ఊరు తుమ్మగుంటపాళ్యం. బంగారుపాళ్యం దాటాక హైవే దిగి లోపలికి రావాలి. కొత్త ఎస్సై యోగానంద గూడూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. వచ్చిన కొత్తలోనే తన జీపును బస్సులు ఆగే చోట నిలపడం మొదలుపెట్టాడు. అదీ 'ఇక్కడ వాహనాలు నిలపరాదు' అని పోలీసులే పెట్టించిన బోర్డు కింద. బస్సులు నడిరోడ్డు మీద ఆగేవి. ముసలివాళ్ళు మామిడికాయల లారీల మధ్య దిగి, ప్రాణాలు చేత్తో పట్టుకుని ఇవతలికి వచ్చేవాళ్ళు. అందరం చూశాం. ఎవరం నోరెత్తలేదు. నాగవేణి ఎత్తింది.

"సార్, ఆ బోర్డు మీరే గదా పెట్టినారు. రొంత జీపు పక్కకు తీయండి. పెద్దోళ్ళు దిగలేకుండారు."

ఎస్సై బోర్డు వంక చూడలేదు, ఆమె బండి వంక చూశాడు.

"రోడ్డుకు అడ్డం నీదా, నాదా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి స్టౌతో, పెనంతో, మిగిలిన పిండితో సహా బండిని స్టేషనుకు తోసుకుపోయారు. కేసు లేదు, రసీదు లేదు.

"ఈ ఆదివారం దాకా సూస్తా సార్," అంది నాగవేణి. "అప్పటికి రాకపోతే బెంగుళూరులో మా అక్క ఉండాది, ఆడికి పోయి ఇండ్లల్లో పని చేసుకుంటా. ఇంకో బండి నేను యాడ తెచ్చేది?"

నేను ఒక అర్జీ రాసుకుని స్టేషనుకు వెళ్ళాను. యోగానంద మర్యాదగా కుర్చీ చూపించాడు. అర్జీ చివరిదాకా చదివాడు.

"రాత ముత్యాల మాదిరి ఉంది సార్," అన్నాడు. "కానీ ఏ బండి? మా రికార్డులో బండే లేదే."

ఆయన వెనక కిటికీ తెరిచి ఉంది. అందులోంచి వెనక వసారా కనిపిస్తోంది. అక్కడ నాగవేణి బండి ఉంది. బండి మీద నాగవేణి స్టౌ ఉంది. స్టౌ మీద, స్టేషన్లో కేసులు రాసే రైటర్ కుప్పయ్య టీ కాస్తున్నాడు.

"మరి అది?" అన్నాను.

"ఏది?"

"ఆ నీలం రంగుది. ద్రౌపదమ్మ టిఫిన్ సెంటర్ అని రాసి ఉంది."

యోగానంద లేచి కిటికీ రెక్కలు రెండూ మూసి, వచ్చి కూర్చున్నాడు. "ఇప్పుడు చూడండి సార్. ఏమైనా ఉందా?"

ఇంతలో కుప్పయ్య టీ తెచ్చాడు. లేని స్టౌ మీద కాచిన టీని తాగకూడదనే అనుకున్నాను. అల్లం బాగా దంచి వేశాడు, తాగేశాను. గేటు దాకా నా వెంట వచ్చి అతను గొంతు తగ్గించాడు. "పిండి పులిసి పురుగు పడతాదని పారేసి, గిన్నెలన్నీ కడిగి బోర్లించినా సార్. ఆయమ్మకు సెప్పండి." ఆ స్టేషన్లో నాకు దొరికిన సమాధానం అదొక్కటే. అయినా, గిన్నెలు కడిగి ఉన్నాయని వినగానే నాగవేణి ముఖంలో రవ్వంత వెలుగు వచ్చింది.

అప్పుడు మా ఊళ్ళో భారతం జరుగుతోంది. మా వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర రోజుల తరబడి భారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యలో ఒక పగలు బకాసుర వధ. ఆ రోజు భీముడి వేషగాడు ఎద్దులబండి ఎక్కి, బకాసురుడికి తిండి తీసుకుపోతున్నట్టు వీధివీధీ తిరుగుతాడు. ఇంటింటా అన్నాలు, కూరలు పెడతారు. సగం బండిలోకి, సగం భీముడి నోట్లోకి పోతాయి.

దీనికి మా ఊళ్ళో ఒక ప్రత్యేకమైన అలవాటు ఉంది. బకాసురుడు ఎక్కడ దాక్కుంటాడో ముందుగా ఎవరికీ చెప్పరు. ఏదో ఒక సందులోంచి ఊడిపడి, చెయ్యెత్తి బండిని ఆపుతాడు. ఆపినవాడే బకాసురుడు. అప్పుడు భీముడు కిందికి దూకి, "బండి ఎవురిది? తిండి ఎవురిది? మింగింది కక్కు!" అని గర్జిస్తాడు. ఊరంతా "కక్కు, కక్కు" అని అరుస్తుంది. అరుపులు భరించలేక బకాసురుడు పొట్టకు కట్టుకున్న మూట విప్పి మురుకులూ, బొరుగుల ఉండలూ పిల్లలకు విసురుతాడు. అదీ కక్కడం.

మా ఊరి భీముడు ఏకాంబరం. మిగిలిన రోజుల్లో టైలరు. నేను ఊడని గుండీ ఉన్న చొక్కా ఒకటి పట్టుకుని అతని అంగడికి వెళ్ళాను.

"ఏకాంబరం, ఈసారి భీముడి బండిని స్టేషన్ వీధిలోంచి కూడా తిప్పరాదూ?"

"ఆ వీధిలో అన్నం ఎవురు పెడతారు సార్? అంతా ఆఫీసులే గదా."

"అన్నం పెట్టరులే. కానీ ఏ బండి వచ్చినా చెయ్యెత్తి ఆపే మనిషి ఒకరున్నారు అక్కడ."

ఏకాంబరం కాలి కింద మిషను ఆగిపోయింది. నా ముఖం చూశాడు, చొక్కా గుండీ చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు.

"సార్, మిమ్మల్ని శానా మెత్తని మనిషనుకుంటి నేను," అన్నాడు మెల్లగా. "దేవళం కమిటీ అన్ని వీధులకూ పర్మిషన్ తీసుకునే ఉండాది. మైకుకు కూడా. అయితే మునిచంద్రకు సెప్పేదా?"

మునిచంద్ర కేబుల్ టీవీ పని చేస్తాడు. ప్రతి ఏడూ బకాసురుడు అతనే.

"వద్దులే. అతన్ని ఎప్పటిలాగే దాక్కోనీ," అన్నాను.

ఆదివారం ఇంకా రెండు రోజులుంది. బకాసుర వధ నాడు ఎండ చిటచిటలాడుతోంది. ఏకాంబరం గద భుజాన వేసుకుని, మెడలో మైకు తగిలించుకుని, సాంబారన్నం ముద్దలు మింగుతూ బండి మీద వస్తున్నాడు. వెనక ఊరు ఊరంతా ఉంది. బస్సులు ఆగే చోటే స్టేషన్ వీధి మొదలు. అక్కడ, బోర్డు కింద ఎస్సై జీపు నిలబడి ఉంది. మిగిలిన సందులోంచి ఎద్దులు ఇరుకిరుకుగా దూరాయి. డప్పులు మోగుతున్నాయి. అప్పుడు యోగానంద స్టేషన్ మెట్లు దిగి వచ్చి రోడ్డు మధ్యలో నిలబడి, కుడిచెయ్యి పూర్తిగా పైకెత్తాడు.

"ఆపండి! ఎవరిచ్చారు పర్మిషన్?"

డప్పులు ఆగాయి. వీధి ఒక్కసారిగా పేలింది. ఈలలు, చప్పట్లు, కేరింతలు.

"ఈ ఏడు బకాసురుణ్ణి యా ఊరి నుంచి పిలిపించినారబ్బా!" పూలమ్మే దేవకమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "ఏసం బలే కుదిరిందే! అచ్చం పోలీసే!"

ఏకాంబరం బండి మీంచి దూకాడు. గద నేలకు తాటించాడు. "బండి ఎవురిది?" గర్జించాడు. "తిండి ఎవురిది? మింగింది కక్కు!"

"కక్కు! కక్కు!" అంది వీధి.

గూడూరు వైపు ఈ అలవాటు లేదు. యోగానందకు బకాసురుడి సంగతి తెలియదు, ఎద్దులబండి మాట తోచలేదు. ఆయన మనసులో ఉన్నది ఒకే బండి. ముఖం పాలిపోయింది.

"ఎవరు మింగింది? ఏంది మీరనేది?"

"బండి ఎవురిది?" అన్నాడు ఏకాంబరం మళ్ళీ, ముక్కు ముక్కుకు తగిలేంత దగ్గరికి వచ్చి. మైకు ఇద్దరి మధ్యా వేలాడుతోంది.

"ఆ ఆడమనిషిదే! నాదని ఎవరన్నారు? దాన్ని మింగలేదయ్యా, లోపలే ఉంది, వెనక వసారాలో! కేసు రాయకుండా తెచ్చిన మాట నిజమే కానీ ఒక్క గరిటె కూడా పోలేదు!"

ఈ మాటలు ఊళ్ళో ఎన్ని స్తంభాలకు ఎన్ని లౌడ్‌స్పీకర్లు కట్టారో అన్నిట్లోంచీ వినిపించాయి. "ఎవరన్నారు, ఎవరన్నారు" అని గుడి గోపురం తిరిగి పలికింది. గుడి దగ్గర బందోబస్తు చూడటానికి వచ్చిన డీఎస్పీ గ్రేసీ కూడా విన్నారు. ఆవిడ రావడం మా పథకంలో లేదు.

ఆవిడ నడిచి వచ్చారు. ఎస్సై జీపు అడ్డం ఉన్నందువల్ల ఆవిడ కారు వీధిలోకి రాలేకపోయింది. వస్తూ వస్తూ బోర్డు ముందు ఆగి, అందులో ఉన్నది పైకి చదివారు. "ముందు ఈ జీపుకు చలానా రాయండి," అన్నారు. తర్వాత యోగానంద వైపు తిరిగారు.

"లోపల ఏం బండి?"

ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కేసు నంబరు? రసీదు?"

"లేదు మేడమ్," అన్నాడు కుప్పయ్య, ఆయన తరఫున.

యోగానంద గబగబా జనంలో ఉన్న నాగవేణి దగ్గరికి వచ్చాడు. "ఏదో పొరపాటు అమ్మా. తీసుకుపో, ఇప్పుడే తీసుకుపో. కావాలంటే మా వాళ్ళు తోసిస్తారు."

కానిస్టేబుళ్ళు బండిని గేటు దాకా తోసుకొచ్చారు కూడా. నాగవేణి పెనం మీద చెయ్యి వేసి చూసింది. నాకు అప్పుడే తాలింపు వాసన వచ్చేసింది.

"వద్దు సార్," అంది ఆమె. "ఇప్పుడు ఊరికే తీసుకపోతే, రేపు మళ్ళా ఏ బండి, మా రికార్డులో లేదే అంటారు. రాసీండి."

"బండి ఇచ్చేస్తున్నా కదమ్మా! ఇంకేంది రాసేది?"

"ఇచ్చేది కాదు సార్. తీసుకున్నది రాయండి."

డీఎస్పీ ఆమెను పక్కకు పిలిచారు. కానీ ఆ పక్కనే ఉన్న ఏకాంబరం మెడలో మైకు ఆపడం మరిచిపోయినందువల్ల అందరం విన్నాం. "చూడమ్మా, దాపరికం లేకుండా చెబుతున్నాను. నువ్వు ఫిర్యాదు ఇస్తే కేసు కడతాం, విచారణ వేరే స్టేషన్ వాళ్ళు చేస్తారు. కానీ బండి సాక్ష్యం కిందికి వస్తుంది. కోర్టు ఇమ్మనేదాకా ఇక్కడే ఉండాలి. ఈలోపు భారతం అయిపోవచ్చు. ఫిర్యాదు వద్దనుకుంటే ఇప్పుడే తీసుకుపోవచ్చు. నీ ఇష్టం."

భారతం రోజుల్లో జరిగే వ్యాపారం నాగవేణికి ఏడాదిలో ఇంకెప్పుడూ జరగదు. ఆమె బండి వంక చూస్తూ నిలబడింది. తీసుకో తల్లీ అని నేను లోపల అనుకున్నాను. "తీస్కోక్కా" అని ఏకాంబరం నిట్టూర్చాడు. అది ఊరంతా వినిపించింది.

సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ మునిచంద్ర వచ్చాడు. ముఖాన మసి, నోట కోరలు, పొట్టకు మురుకుల మూట.

"పోస్టాఫీసు ఎనక దోమలు తోలుకుంటా కూసోనుండా! నా ఏసం ఎవురికిచ్చినారప్పా మీరు?"

వీధి విరగబడి నవ్వింది. డీఎస్పీ పెదవి కొరుక్కున్నారు. నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, పెనం మీంచి చెయ్యి తీసేసింది.

"ఉండనీండి మేడమ్ బండి. రాసుకోండి. ఈ పొద్దు నాది. ఊరుకుంటే రేపు దేవకమ్మ పూలగంప. కోర్టు పిలిస్తే నేను రావాల గదా, ఇంక బెంగుళూరు యాడికి పోయేది?" అని నా వైపు తిరిగింది. "సార్, అందాక ఉప్మా సేసుకోండి. రవ్వ మాడనీకండి."

స్టేషన్ వరండాలోకి బల్ల తెచ్చారు. కుప్పయ్య కలం పట్టుకున్నాడు. యోగానంద తన కుర్చీ వైపు అడుగు వేయబోతే డీఎస్పీ చేత్తో ఆపారు. "మీరు ఇటు రండి. ఇక్కడ నిలబడండి." ఆయన బల్లకు అవతల, మామూలుగా జనం నిలబడే చోట నిలబడ్డాడు.

నాగవేణి చెప్పింది, కుప్పయ్య రాశాడు. అలవాటు కొద్దీ తలెత్తకుండా అడిగాడు. "ముద్దాయి పేరు?"

కుప్పయ్య తలెత్తి చూసి నాలుక కరుచుకున్నాడు. "తెలుసు మేడమ్. కానీ అడిగే రాయాల."

"అడుగు."

కుప్పయ్య కుర్చీలోంచి సగం లేచాడు. "పేరు... సార్?"

"యోగానంద."

"తండ్రి పేరు, సార్?"

చెప్పాడు.

"వృత్తి, సార్?"

"నీకు తెలియదా కుప్పయ్యా?"

"మీరే సెప్పాల సార్."

యోగానంద చేతిలోని టోపీని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "పోలీసు," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు మాట్లాడటం కొత్తగా నేర్చుకుంటున్న మనిషిదిలా ఉంది. నాకు ఆయన మీద కొంచెం జాలి కలిగింది, అది ఎక్కువసేపు నిలవలేదు.

కుప్పయ్య రాశాడు. కలం ఆపి, "మేడమ్," అన్నాడు. "ఆయమ్మ స్టౌ మీద టీ కాసింది నేనే. అదీ రాసేదా?"

"రాయి."

ఆ వాక్యాన్ని మిగతావాటికంటే గుండ్రంగా రాశాడు. తర్వాత గేటు వైపు చూసి, "సాక్షులు ఎవురెవురు?" అన్నాడు.

అన్నం అంటిన ఏకాంబరం చెయ్యి ముందు లేచింది. దేవకమ్మది లేచింది, నాది లేచింది, మునిచంద్రవి రెండూ లేచాయి. గేటు అవతల వీధి చివరిదాకా చేతులు లేస్తూనే ఉన్నాయి. కుప్పయ్య కాసేపు లెక్కపెట్టడానికి చూసి, కలం చెవి సందున పెట్టుకున్నాడు.

"మేడమ్, మన కాయితాలు సాలవు."