మొదటి కస్టమర్

ఆస్పత్రి మంచం మీద అత్తయ్య పాదాన్ని డాక్టరు వేలితో నొక్కి చూశారు. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని ఆయన అడిగింది అత్తయ్యని. జవాబు చెప్పింది మా ఆయన.

"ఒక్కటి కూడా తప్పలేదు సార్. ఇదిగో, చూడండి."

ఫోన్ తెర నిండా ఆకుపచ్చ చుక్కలు. డాక్టరు వాటిని పైకీ కిందకీ జరిపి చూసి, "ఇంత క్రమంగా మందులు వాడే పేషెంటుని నేను చూళ్ళేదు" అన్నారు. మా ఆయన ముఖం వెలిగింది. కన్నతల్లి పడుకుంటే ఊపిరాడక, దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంటే, ఆ మనిషి ముఖం వెలిగింది.

"అంటే ఈ మందు పనిచెయ్యట్లేదన్నమాట. సాయంత్రం నుంచి దీనికంటే గట్టిది మొదలుపెడదాం" అన్నారు డాక్టరు.

అత్తయ్య దుప్పటి అంచుని వేళ్ళతో నలుపుతూ కిటికీ వైపు తిరిగింది.

మా ఆయన కంపెనీ తయారుచేసేది పెద్దవాళ్ళున్న ఇళ్ళని నడిపే యాప్. మాత్ర వేళకి ఫోన్ టింగుమంటుంది. వేసుకుని తెర మీద నొక్కితే చుక్క ఆకుపచ్చగా మారుతుంది. నొక్కకపోతే ఎర్రబడి, నొక్కేదాకా మోగుతుంది. నీళ్ళు తాగడం, నడవడం, పాలవాడికి చెప్పడం, అన్నిటికీ ఒక్కో చుక్క. మా ఇల్లు వాళ్ళ మొదటి కస్టమర్. ఆఫీసు గోడ మీది పెద్ద తెరలో మా ఇంటి చుక్కలు పొద్దస్తమానం కనిపిస్తుంటాయట. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

"గుర్తుపెట్టుకోవడం పేదవాళ్ళ సాఫ్ట్‌వేర్" అని ఆయన వేదికల మీద చెబుతాడు. కుర్రవాళ్ళు రాసుకుంటారు. "మీరు రోజూ చేసిందే చేస్తున్నారంటే, అక్కడొక కంపెనీ దాక్కుని ఉందన్నమాట" అని కూడా చెబుతాడు. నేను రోజూ గిన్నెలు తోముతాను. అందులో ఏ కంపెనీ దాక్కుందో నాకు ఇంతవరకూ కనబడలేదు. జిడ్డు మాత్రం కనబడింది.

నేను కళ్ళద్దాల షాపులో కంటి పరీక్షలు చేస్తాను. ఇంతకుముందు పనికి బయల్దేరే ముందు అత్తయ్య అరచేతిలో మాత్రలు పెట్టి, మింగేదాకా గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. వాటిలో ఒకటి ఒంట్లో నీరు లాగేది. అది వేసుకుంటే కాసేపటికే బాత్రూమ్‌కి లేవాలి. అందుకని అప్పటిదాకా ఉండి, చెయ్యిచ్చి తీసుకెళ్ళి, తీసుకొచ్చి కూర్చోబెట్టి, అప్పుడు చెప్పులేసుకునేదాన్ని.

ఒకరోజు మా ఆయన కాఫీ తాగుతూ ఇది చూశాడు.

"నువ్వు చేత్తో ఇస్తే డేటా పాడవుతుందోయ్" అన్నాడు. "యాప్ పనిచేస్తోందో, నువ్వు పనిచేస్తున్నావో ఎలా తెలుస్తుంది?"

"నేను పనిచేస్తున్నానని తెలుస్తుంది."

నవ్వాడు. "కోపమెందుకు? నీ టైమ్ నీకు మిగుల్తుందిగా. అమ్మ చిన్నపిల్లా? ఫోన్ చెబుతుంది, అమ్మ వేసుకుంటుంది. నువ్వు మందుల డబ్బా ముట్టుకోకు, అంతే."

డబ్బా అత్తయ్య అలమరాలోకి వెళ్ళిపోయింది. మాత్ర వేళకి ఫోన్ మోగేసరికి నేను షాపులో ఉండేదాన్ని.

డాక్టరు మందు మారుస్తానన్న రోజు మధ్యాహ్నం, అత్తయ్య బట్టలు తీసుకురావడానికి ఇంటికి వెళ్ళి ఆ అలమరా తెరిచాను. మడతపెట్టిన చీరల వెనక డబ్బా కనిపించింది. బరువుగా ఉంది. మిగతా మాత్రల పట్టీలు ఖాళీ. నీరు లాగే మాత్రల పట్టీలు మాత్రం షాపులోంచి తెచ్చినవి తెచ్చినట్టే, ఒక్క గుంట కూడా చిట్లకుండా, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి.

బట్టలు తీసుకోవడం మర్చిపోయి, డబ్బా సంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

డాక్టరు పట్టీలు చూసి, నర్సుని పిలిచి కొత్త మందు ఆపించారు. "మంచిపని చేశారమ్మా. ఈవిడకి పాత మందే సరిపోతుంది, వేసుకుంటే. ఆ గట్టిది ఇచ్చుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయేది" అన్నారు. తర్వాత మా ఆయన ఫోన్ పెట్టిన బల్ల వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

"ఎందుకత్తయ్యా?" అని అడిగాను, మంచం పక్కన కూర్చుని.

"అది వేసుకుంటే ఊరికే లేవాలి. నువ్వుండవు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలీందేముంది? ఒకరోజు బాత్రూమ్ తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయాను. ముందుకి పోలేను, వెనక్కి రాలేను. చీర తడిసిపోయింది. నువ్వొచ్చేలోపు ఉతికి ఆరేశా."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పుకోడానికి అదేమన్నా శుభవార్తా?"

"మరి వేసుకోకుండా నొక్కడమెందుకు?"

"ఎర్రబడితే వాడు ఆఫీసు నుంచి ఫోన్ చేస్తాడమ్మాయ్. 'అమ్మా, అందరి ముందూ మనిల్లు ఎర్రగా కనిపిస్తోంది' అంటాడు. వచ్చినవాళ్ళకి ఆ గోడే చూపిస్తాడట. అంతమందిలో వాడి పరువు ఎందుకు తియ్యాలి?" ఊపిరి కోసం ఆగింది. "నాదేం పోయింది, ఒక వేలేగా."

కొడుకు వ్యాపారానికి ఆవిడ ఇవ్వగలిగింది ఆ వేలొక్కటే. ఇచ్చేసింది.

మెట్ల దగ్గర మా ఆయనతో మొత్తం చెప్పాను. విన్నాడు. నుదురు రుద్దుకున్నాడు. ఒక్క నిమిషం, నా పెళ్ళినాటి మనిషిలా కనిపించాడు. తర్వాత అన్నాడు, "అంటే ఇది యూజర్ పొరపాటు."

"యూజర్ కాదు. మీ అమ్మ."

"అదే, అమ్మ పొరపాటు."

గోడకి ఆనుకోకపోతే నేను ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

"చూడు, గురువారం వృద్ధాశ్రమాలవాళ్ళు ఇంటికొస్తున్నారు. పెద్ద సంస్థ, ఊరూరా ఆశ్రమాలున్నాయి. వాళ్ళ ముందు ఇది ఎత్తకు. అమ్మ ఎలాగూ బుధవారానికి ఇంటికొచ్చేస్తుంది."

"ఆ ఆశ్రమాల్లో ఎంతమంది ఇలా నొక్కుతూ కూర్చుంటారో ఆలోచించారా?"

"నీకు బిజినెస్ తెలీదు. ముందు బయటికి వదలాలి, తర్వాత బాగుచేసుకుంటూ పోవాలి. ఎవరైనా అంతే."

"ఎవర్ని వదిలి?"

ఫోన్ వచ్చింది, మాట్లాడుకుంటూ మెట్లు దిగిపోయాడు.

గురువారం ఇద్దరు వచ్చారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మేనేజరు ఒకావిడ, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆవిడ మాటలన్నీ టైపు చేసుకునే ఒక మనిషి. అత్తయ్య హాల్లో కుర్చీలో, కాళ్ళు ఎత్తు పీట మీద పెట్టుకుని కూర్చుంది. కొడుకు చెప్పాడని మంచి చీర కట్టుకుంది. మా ఆయన ఇంటిని చూపించినట్టు కాక కారుని చూపించినట్టు చూపించాడు. మేనేజరు ఓపిగ్గా విని, నా వైపు తిరిగింది.

"మీకెలా ఉందండీ? పని తగ్గిందా?"

మా ఆయన నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళిళ్ళలో నేను ఎక్కువ మాట్లాడతానేమోనని చూసే చూపు.

చెప్పాను. మాత్రలూ, రబ్బరు బ్యాండూ, డాక్టరు మార్చబోయిన మందూ చెప్పాను. తడిసిన చీర సంగతి మాత్రం చెప్పలేదు. అది అత్తయ్యది.

ల్యాప్‌టాప్ మీద టకటకలు ఆగిపోయాయి. మేనేజరు మా ఆయన వైపు చూసింది. ఇక అయిపోయింది, ఈ యాప్ ఇక్కడితో పోయింది అనుకున్నాను. సంతోషించాను కూడా.

"థాంక్యూ" అన్నాడు మా ఆయన, నాతో. పరాయివాళ్ళతో మాట్లాడే గొంతు. "సరిగ్గా ఈ సమస్యనే మేం పరిష్కరించాం. అందుకే మా ఇంట్లోనే మొదట పెట్టుకున్నాను. మా అమ్మ వల్ల తెలిసింది కాబట్టి సరిపోయింది. కొత్త వెర్షన్‌లో వేలితో నొక్కే పని లేదు. మాత్ర మింగి, కెమెరా ముందు నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాలి. అప్పుడే ఆకుపచ్చ."

మేనేజరు ముందుకి వంగింది. "మా దగ్గర అందరికీ పెట్టొచ్చా?"

"అందరికీ."

"చూపించని వాళ్ళుంటే?"

"ఎర్రగా ఉంటుంది. మీ స్టాఫ్‌కి వెంటనే తెలుస్తుంది."

టకటకలు మళ్ళీ మొదలయ్యాయి. ఆస్పత్రి మెట్ల దగ్గర మొదలుపెట్టి, తల్లి పక్కన కూర్చుని కూడా ఆయన ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడింది దీని గురించన్నమాట. బెంగతో ఎవరికో చెప్పుకుంటున్నాడని అనుకున్నాను నేను.

ఆయన తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. "అమ్మా, ఒక్కసారి నోరు తెరువు."

అత్తయ్య తెరిచింది. కొడుకు అడిగాడని, వాళ్ళందరి ముందూ తెరిచింది. కింది కట్టుడు పళ్ళు పెట్టుకోలేదు. ఆస్పత్రిలో చిగుళ్ళు ఒరుసుకుపోయాయి.

"ఇంకొంచెం. నాలుక ఎత్తు."

ల్యాప్‌టాప్ మనిషి తల వంచేసుకున్నాడు. అది చూసి కాబోలు, అత్తయ్య చెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, చెయ్యి తియ్యి. లైట్ పడట్లేదు."

నేను వెళ్ళి ఫోన్ కెమెరా మీద నా అరచెయ్యి పెట్టాను.

"తప్పుకో" అన్నాడు పళ్ళు బిగించి.

"తప్పుకోను. నువ్వే లే అక్కణ్ణుంచి."

పెళ్ళయినప్పటి నుంచీ ఆయన్ని మీరు అనే పిలిచాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. మేనేజరు బ్యాగు సర్దుకుని, మళ్ళీ మాట్లాడదామండీ అంటూ లేచింది. ఆవిడ చేతిని ముఖ్యమైన వస్తువులా పట్టుకుని ఊపుతూ, లిఫ్ట్ దాకా చెబుతూనే వెళ్ళాడు మా ఆయన.

"వాడి పని చెడగొట్టావు" అంది అత్తయ్య. చెయ్యి ఇంకా నోటి దగ్గరే ఉంది.

"చెడగొట్టాను."

"కష్టపడుతున్నాడే వాడు."

"పడనివ్వండి. మాత్ర వేసుకోండి ముందు."

"వేసుకుంటే మళ్ళీ లేవాలి. రేపు నువ్వు షాపుకి పోతే ఎవరు లేపుతారు నన్ను? ఇప్పుడు అరిచావు సరే, రేపో?"

ఆవిడ అడిగింది నిజమే. ఒక అరచేతిలో మాత్ర, రెండో చేతిలో గ్లాసు పట్టుకుని తలుపు వైపు తిరిగాను. అప్పుడే ఆయన తలుపు తీసుకుని వచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏం సాధించావు?"

"రేపటి నుంచి మీ అమ్మకి మాత్ర నువ్విస్తావు. బాత్రూమ్‌కి తీసుకెళ్ళి, తీసుకొచ్చి కూర్చోబెట్టి, అప్పుడు ఆఫీసుకి వెళ్తావు. నేను పొద్దున్నే షాపు తెరవాలి."

"నాకు పొద్దున మీటింగులుంటాయని తెలీదా? దానికి ఒక మనిషిని పెట్టొచ్చు."

"పెట్టావుగా ఇన్నాళ్ళూ. ఆ మనిషి మానేసింది."

నన్ను చూశాడు, తల్లిని చూశాడు. ఎవరో ఒకరు తగ్గుతారని ఎదురుచూశాడు. అత్తయ్య నా చేతిలోంచి మాత్ర తీసుకుని మింగింది. ఎవరికీ నోరు తెరిచి చూపించలేదు. గ్లాసు నాకిచ్చేసింది.

కాసేపటికి కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోయింది. సగంలో ఆగిపోయింది. నేను కదల్లేదు. నా కాళ్ళు కదలబోతుంటే నేలకి నొక్కిపెట్టి ఉంచాను.

ఆయన వెళ్ళి ఒక చేత్తో జబ్బ పట్టుకున్నాడు. రెండో చేతిలో ఫోన్ మోగుతోంది. ఆ మేనేజరు పేరు నాకు ఇక్కణ్ణుంచే కనబడుతోంది.

"అది అవతల పెట్టరా. ఒంటిచేత్తో పట్టుకుంటే ఇద్దరం పడతాం" అంది అత్తయ్య.

ఫోన్ చొక్కా జేబులో పడేసి రెండు చేతులతో పట్టుకున్నాడు. అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. బాత్రూమ్ తలుపు దాకా జేబు మోగుతూనే ఉంది. నేను సాయం వెళ్ళలేదు.