విరగని పిన్ను

సైన్యం వాడి వదిలేసిన ట్రక్కును అల్లుడు వేలంలో పాడుకుని తెచ్చిన రోజున షెడ్డు ముందు జనం మూగారు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటూ అతను దాని బానెట్ మీద చరిచాడు. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయింది. సీట్లో స్ప్రింగులు పొడుచుకొచ్చాయి. ఒక తలుపు మూస్తే రెండోది తెరుచుకుంటోంది. అయినా ఆరు చక్రాలకూ ఇంజను బలం అందుతోంది. దాని ముందు తాడు చుట్టి బరువులు లాగే వించ్ ఒకటి బిగించుకుంటే, రాతి క్వారీలో దిగబడిన లారీలను లాగుతూ బతికేయవచ్చని అతని ఆలోచన. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. తప్పు తరువాత జరిగింది, అది చేసినవాడు వేరు.

షెడ్డు అల్లుడి మామగారిది. ఆయన లేత్ మేస్త్రి. అందరూ సగంనూలు మేస్త్రి అంటారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అందులో సగం తేడా వచ్చినా, చేసిన వస్తువును తుక్కుడబ్బాలో పడేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాడు. చేతిపని బంగారం, నోటిమాట పిసినారి. ఎందుకు, ఏమిటి అని ఎవరైనా అడిగితే చాలు, ఆయనకు చిర్రెత్తుకొస్తుంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే పని నేర్చుకోవడం అంటాడు. ఆయన అలాగే నేర్చుకున్నాడు. ఒక్కగానొక్క కూతురినిచ్చిన అల్లుడికీ అదే పాఠం పెట్టాడు.

వించ్ ఎంపిక దగ్గరే ఇద్దరికీ మొదటి పేచీ వచ్చింది. దుకాణంలో చూసిన బ్యాటరీ వించ్ మీద అల్లుడు మనసు పారేసుకున్నాడు. మీట నొక్కితే తాడు దానంతటదే చుట్టుకుంటోంది మరి. మేస్త్రి దాన్ని ఒకసారి పైకెత్తి చూసి, కింద పెట్టేశాడు. జీపు గోతిలో పడితే లాగడానికి అది చాలునన్నాడు. రాయి నింపుకున్న లారీ కూరుకుపోతే దాని బరువుకు బురద పట్టు కూడా తోడవుతుంది. అరగంట ఆగకుండా లాగాలి, ఇది అయిదు నిమిషాలకే వేడెక్కి చేతులెత్తేస్తుంది. అదే వేలం పెరట్లో తుక్కు కింద పోతున్న ఇంకో ట్రక్కుకు, ఇంజనుతోనే తిరిగే పాత వించ్ ఉంది. మేస్త్రి దాన్ని విప్పించి తెచ్చాడు. గేర్లు కడిగి, బ్రేకు మార్చి, ట్రక్కు ముందు మందపాటి పలకలు వేసి బిగించాడు. తాడు మాత్రం కొత్తది, ఆ వించ్‌కు తగిన లావుది, ఉక్కు తీగలతో పేనింది కొనిపించాడు.

తరువాత నియమాలు చెప్పాడు. చేతికి తోలు తొడుగులు లేకుండా తాడు ముట్టుకోవద్దు. బిగిసిన తాడును దాటవద్దు, దాని దారిలో ఎవరినీ నిలబడనివ్వద్దు. డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు మిగిలి ఉండాలి. లాగే ముందు తాడు మధ్యలో బరువైన టార్పాలిన్ పట్టా ఒకటి కప్పాలి. తెగితే ఆ పట్టా తాడును కాస్తయినా కిందికి ఈడుస్తుంది. అల్లుడు అన్నీ బుద్ధిగా విన్నాడు. ఆమాటకొస్తే ఒక్కటి కూడా తప్పలేదు.

ఇక పిన్ను సంగతి. ఇంజను నుంచి వచ్చే కడ్డీకీ వించ్‌కూ మధ్య చిటికెనవేలంత పిన్ను ఒకటి ఉంటుంది. దాన్ని కావాలనే మెత్తటి ఇనుముతో చేస్తారు. తాడు ఓర్చుకోలేనంత బరువు పడబోతుంటే ముందు అది పుటుక్కున తెగి లాగుడు ఆగిపోతుంది. తాడు తెగితే మనిషి పోతాడు, పిన్ను తెగితే పిన్నే పోతుంది. అది తెగిందంటే ఇలా లాగకు, కప్పీ వేసి తాడును రెండు పేటలు చేసుకో, చక్రాల ముందు బురద తవ్వుకో అని అర్థం. మేస్త్రికి ఇది ముప్పై ఏళ్ళుగా తెలుసు. అల్లుడికి మాత్రం డజను పిన్నులు డబ్బాలో పోసిచ్చి, తెగితే ఇంకోటి వేసుకుని కప్పీ కట్టుకో అన్నాడు. ఎందుకు తెగుతుందని అల్లుడు అడిగాడు. వేసుకోమన్నాను కదా అన్నాడు మేస్త్రి. అక్కడితో ఆ మాట అయిపోయింది.

మొదటి నెలలోనే ఏడు పిన్నులు తెగాయి. తెగినప్పుడల్లా అల్లుడు బురదలో వెల్లకిలా పడుకుని కొత్తది వేసుకోవాలి, కప్పీ కట్టుకోవాలి. వెనక ఆగిపోయిన లారీల డ్రైవర్లకు అంతకంటే కాలక్షేపం ఏముంటుంది? మీ మామగారు పిన్నులు ఇనుముతో చేస్తారా, వెన్నతో చేస్తారా అని ఒకడు అడిగాడు. ఆ పూటనుంచి సగంనూలు మేస్త్రి వెన్నపూస మేస్త్రి అయ్యాడు. పేరు క్వారీలో పుట్టి, టీ దుకాణం దాటి, షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. వెల్డరు ఒకడు ఆయన వినేలాగానే అన్నాడు. ముప్పై ఏళ్ళ పేరు మూడు వారాల్లో గంగలో కలిసిందని మేస్త్రి లోపల్లోపల కుతకుత ఉడికిపోయాడు. రెండు ముక్కల్లో చెప్పేస్తే తేలిపోయే విషయం. కానీ నా పనికి నేను సంజాయిషీ ఇచ్చుకోవాలా అనుకున్నాడు. అది పౌరుషమో, పొగరో, ఆయనకే తెలియాలి.

ఒకనాడు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ కూతురు మెల్లగా కదిపింది.

"నాన్నా, ఒక్కటి గట్టిది చేసిపెట్టకూడదూ? అక్కడ అందరిలో ఆయన తల దించుకోవాల్సి వస్తోంది. నిన్ను అంటుంటే నాకూ బాధగా ఉంది."

మేస్త్రి ముద్ద మింగి లేచాడు. చెయ్యి కడుక్కుని తిన్నగా షెడ్డులోకి వెళ్ళాడు. పాత లారీ ఇరుసు ముక్క ఒకటి మూలనుంచి తీసి లేత్‌కు బిగించాడు. అది మామూలు ఇనుము కాదు, లోడు లారీని మోసిన ఉక్కు. చెక్కుతుంటే పొట్టు నీలంగా కాలి రాలింది, చెక్కే పనిముట్టు రెండుసార్లు మొద్దుబారింది. చెయ్యకూడని పని చేస్తున్నానని ఆయనకు తెలుసు. తెలిసీ, కొలత మాత్రం వెంట్రుకవాసి తేడా రాకుండా చూసుకున్నాడు. సాయంత్రం దాన్ని అల్లుడి అరచేతిలో పెట్టి, ఇది తెగదు, పో, అన్నాడు.

నిజంగానే తెగలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. అల్లుడు కప్పీ తీసి సీటు వెనక పడేశాడు. పిన్ను తెగనప్పుడు ఆ తిప్పలన్నీ ఎందుకని. మీ మామ గట్టివాడోయ్ అన్నారట డ్రైవర్లు. ఆ మాట అల్లుడు మోసుకొచ్చి చెప్తే మేస్త్రికి ఒక పూట హాయిగా ఉంది. మర్నాటినుంచి భయం మొదలైంది. సాయంత్రం ట్రక్కు మలుపు తిరిగిన చప్పుడు వినపడేదాకా ఆయన చేతిలో పని సాగేది కాదు. వచ్చాక ఎవరూ చూడకుండా తాడు తడిమి చూసేవాడు. మొదట ఒక తీగ తెగి ముల్లులా లేచింది. వారం తిరిగేసరికి నాలుగయ్యాయి. అసలు సంగతి చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. చెప్పాలంటే, ఉక్రోషం కొద్దీ నీ ప్రాణం మీదికి తెచ్చానని కూడా చెప్పాలి. తాడు మార్చమని మాత్రం అన్నాడు. చెప్పి పంపాను మామయ్యా, వచ్చే వారం వస్తుంది అన్నాడు అల్లుడు.

వచ్చే వారం కంటే ముందు వాన వచ్చింది. మూడు రోజులు ఏకధాటిగా కురిసి, నాలుగో రోజు పొద్దున్న తెరిపిచ్చింది. పది గంటలకు మేస్త్రి షెడ్డు తెరిచేసరికి ట్రక్కు లేదు. క్వారీ అడుగున లోడు లారీ ఇరుసు దాకా కూరుకుపోయిందని, తన భర్త అప్పుడే వెళ్ళాడని కూతురు చెప్పింది. మేస్త్రి డబ్బాలోంచి మెత్తటి పిన్ను ఒకటి తీసి జేబులో వేసుకుని స్కూటరెక్కాడు. ఇవాళ చెప్పేస్తాను, నవ్వితే నవ్వనీ, కూతురు తిడితే తిట్టనీ అని దారిపొడవునా అనుకున్నాడు. ఆ బురదలో స్కూటరు రెండుచోట్ల పడిపోయింది.

ఆయన వెళ్ళేసరికే తాడు బిగిసి ఉంది. కింద లారీ అంగుళం కూడా కదలడం లేదు. పైన ట్రక్కు చక్రాలకు పెట్టిన రాళ్ళు బురదలోకి దిగబడుతున్నాయి. క్యాబిన్‌లో కూర్చున్న అల్లుడు కింది లారీ వైపే చూస్తున్నాడు. తాడు మీద పట్టా కప్పి ఉంది, దాని దారిలో ఒక్క మనిషి లేడు, అన్నీ చెప్పినట్టే. మెత్తటి పిన్నయితే ఈపాటికి ఎప్పుడో తెగి ఉండేది. మేస్త్రి రెండు చేతులూ ఊపుతూ ట్రక్కు వైపు పరుగెత్తాడు. తాడు దారిలోకి ఎవరూ రాకుండా కాపలా ఉన్న లారీ క్లీనరు ఆయన్ని నడుం దగ్గర పట్టుకుని ఆపేశాడు.

"అటు పోకూడదు మేస్త్రీ. మీరు పెట్టిన రూలే కదా" అన్నాడు.

ఇంజను రొదలో ఆయన కేక ఎవరికీ వినపడలేదు. తాడులోంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వచ్చింది. మరుక్షణం తాడు లేదు. లారీ కొక్కెం దగ్గర తెగి, పట్టాను కూడా ఎగరేసుకుంటూ వెనక్కి వచ్చి, క్యాబిన్ అద్దంలోంచి లోపలికి దూసుకుపోయింది.

ఆస్పత్రి వరండాలో కూతురు తండ్రి పక్కనే కూర్చుంది. పట్టా కప్పి ఉండబట్టి ప్రాణం నిలిచిందని, కుడిచెయ్యి మాత్రం భుజం దాకా తీసేయాల్సిందేనని డాక్టరు చెప్పి లోపలికి వెళ్ళాడు. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. అయినా తండ్రి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. ఆయన ముఖం చూసి ఆమెకు భయం వేసింది.

"నువ్వు కుమిలిపోకు నాన్నా. తాడు అరిగిపోయింది, నువ్వేం చేస్తావు? నీ పిన్ను మాత్రం చెక్కు చెదరలేదని అందరూ అంటున్నారు."

"అదే తెగాలమ్మా" అన్నాడు మేస్త్రి. "బరువు మించితే తెగడానికే పెడతారు దాన్ని. అది తెగలేదు కాబట్టే తాడు తెగింది."

నిమురుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"ఆ గట్టిది చేసేటప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

లోపలినుంచి నర్సు వచ్చి, కాగితం మీద సంతకం పెట్టడానికి ఇంటివాళ్ళెవరైనా రావాలంది. మేస్త్రి లేవబోయాడు. కూతురు ఆయన చేతిని తన ఒళ్ళోంచి తీసి బెంచీ మీద పెట్టి, తను ఒక్కతే లోపలికి వెళ్ళింది.