ఆదివారం వదిలే నీళ్లు

పాస్టరుగారు ఏంజెల్‌ను కాలువలో ముంచి లేపారు. పిల్ల ఆమెన్ అనలేదు. "నాన్నా, కళ్లు మంట!" అని కేకపెట్టింది. ఆమె తెల్లబట్టలు టీ రంగుకు తిరిగాయి. గట్టు మీద పాట ఆగిపోయింది.

తండ్రి ఇశ్రాయేలుకు ఆ నీళ్లేమిటో తెలుసు. ఎగువనున్న పేపరు మిల్లులో గుజ్జును తెల్లబరిచే సెక్షన్‌లోనే అతని పని. ఉడికించిన వరిగడ్డి గుజ్జును బాగా కడిగితే నల్లరసం పోతుంది, క్లోరిన్ తక్కువ సరిపోతుంది, మురికీ తగ్గుతుంది. కడగడానికి టైము పడుతుందని బెంజ్ సర్కిల్ ఏసీ గదిలో కూర్చున్న యజమాని ఒక విడత కడగడం ఎత్తేశాడు. బదులుగా క్లోరిన్ కుమ్మరిస్తున్నారు. ఆ విషాన్ని మామూలు రోజుల్లో కొద్దికొద్దిగా, ఆఫీసర్లకు సెలవుండే ఆదివారం మాత్రం మొత్తంగా కాలువలోకి వదులుతున్నారు. ఆదివారం వాడ జనం బాప్తిస్మాలకు దిగుతారని వాళ్లకేం పట్టింది!

మర్నాడు మిల్లు గేటు దగ్గర కార్మికులు మీటింగు పెట్టారు.

"గొడవ చేస్తే మిల్లు మూసేత్తాడ్రా," అన్నాడు యూనియన్ సెక్రటరీ అబ్దుల్ రవూఫ్. "ఇంకో అర్జీ ఇద్దాం."

"ఎన్ని ఇచ్చాం భాయ్? చెత్తబుట్టలు నింపడానికా?" ఇశ్రాయేలుకు ఒళ్లు మండిపోయింది. "మూయమని ఎవడన్నాడు? గుజ్జు సరిగ్గా కడగమంటన్నాం, అంతే!"

అతని భార్య మాణిక్యమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "మీ జీతాలతో బియ్యం కొంటన్నాం, సరే. ఏ నీళ్లతో వండమంటారో చెప్పండయ్యా!"

రవూఫ్ తలవంచుకున్నాడు.

ఆ వారంలోనే కాలుష్యం ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. మేనేజరు వెంకటకృష్ణారావు పరుగెత్తుకొచ్చాడు. "ఇశ్రాయేలూ, మంచినీళ్ల పంపు వెయ్యి! డ్రెయిన్‌లోకి వదులు!"

ఎప్పుడూ ఇదే తంతు. మంచినీళ్లు కలిపి మురికిని పలచన చేస్తారు, శాంపిల్ పాసవుతుంది. ఎప్పుడూ ఆ స్విచ్ వేసింది ఇశ్రాయేలే. తన మీద తనకే అసహ్యం వేసింది.

"వెయ్యనండీ."

"ఉద్యోగం ఉండాలా, వద్దా?"

"ఉండాలండీ. నీళ్లూ ఉండాలి."

ఇశ్రాయేలు స్విచ్‌కు అడ్డంగా కూర్చున్నాడు. మేనేజరు ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. ఇశ్రాయేలును కాలరు పట్టి ఈడ్చుకెళ్లి జీపెక్కించారు. ఖాళీ అయిన చోట స్విచ్‌కు వీపు ఆనించి రవూఫ్ కూర్చున్నాడు.

"నువ్వు కూడానా రవూఫ్?" అన్నాడు మేనేజరు.

"షిఫ్టు మొత్తం అండీ."

మేనేజరు బయటికి పరుగెత్తాడు. డ్రెయిన్ దగ్గర ఆఫీసరు సీసా పట్టుకుని అతని వైపు చూశాడు. వాడ ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"నింపుకోండి సార్," అంది మాణిక్యమ్మ. "ఇయ్యాల ఏమీ కలపలేదు."

సీసా నల్లగా నిండింది. లోపల రవూఫ్‌ను లేపితే ఆ చోట మరొకడు కూర్చున్నాడు, వాడిని లేపితే ఇంకొకడు. ఎస్సై రెండో జీపు కోసం ఫోన్ చేశాడు. ఆ తర్వాత లారీ కోసం చేశాడు.