నేరేడు రంగు ముక్క

ఊరికే కోప్పడటమంటే ఊరికే సరుకు ఇచ్చెయ్యడమేనని కొట్టక్క నమ్మకం. పాతికేళ్లుగా ఊలు కొట్టు నడుపుతున్న మనిషి. సగం వాడిన ఉండ వెనక్కి తెచ్చి మార్చమన్నవాళ్లకు కూడా నవ్వుతూనే సమాధానం చెప్పేది. ఆ నవ్వు ఖరీదు తర్వాతి బేరంలో ఎలాగూ రాబట్టుకునేది. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం సమావేశ మందిరం తలుపు తోసుకుని లోపలికొచ్చి, పొడుగు బల్ల మీద గుండుసూదులతో గుచ్చి పరిచిన దుప్పటి చూసి, చేతిలో సంచీ కింద పడేసింది. ఊలు ఉండలు నాలుగు దిక్కులా దొర్లాయి.

గోడ మీద బ్యానరు కట్టి ఉంది. అల్లితే రక్తపోటు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, కోపం పోతుంది అని రాసి ఉంది. ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్లకు వ్యాయామం చేయించే గది కోసం మహిళా సంఘం పెట్టిన విరాళాల సేకరణ. అరవై మంది తలా ఒక చదరపు ముక్క అల్లి ఇవ్వాలి. సభలో అందరూ కలిసి ఆ ముక్కల్ని కుట్టి దుప్పటి చెయ్యాలి. అయిదింటికి దాన్ని వేలం వెయ్యాలి. కొట్టక్క కొన్న ధరకే ఊలు ఇచ్చింది. ధర్మానికి ధర్మం, కొత్తగా అల్లిక నేర్చుకున్నవాళ్లలో సగం మందైనా రేపు తన గడప తొక్కుతారు. లెక్క చూసుకోకుండా ధర్మం చేసేవాళ్లు రెండోసారి చెయ్యరని ఆమె అనుభవం.

కానీ ఒక్క ముక్క మాత్రం ఆ లెక్కలో లేదు. అది ఆమె ఆడపడుచు అల్లిన నేరేడు రంగు ముక్క.

ఆడపడుచు ముప్ఫై ఏళ్లు స్వెట్టర్ల కార్ఖానాలో అల్లింది. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆ ఆసుపత్రి గదిలోనే ఆరు నెలలు రబ్బరు బంతి పిసికింది. ఇంటికొచ్చాక చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడ చూస్తూ కూర్చునేది. "ఒక్క ముక్క అల్లు. ఎవరూ తొందరపెట్టరు," అని కొట్టక్కే వెంటపడింది. ఒక సూది కుడి చంకలో ఇరికించి, ఎడమ చేత్తో ఒక్కొక్క కుట్టే తిప్పుకుంటూ ఆవిడ రోజుకో అరగంట చొప్పున మూడు నెలల్లో ఆ ముక్క పూర్తి చేసింది. మొత్తం ఇరవై నాలుగు కుట్ల వెడల్పు. ఒక పక్కకి కాస్త ఒరిగి, అనుకున్న కొలత కంటే రెండు వేళ్లు పొడుగొచ్చింది. "కార్ఖానాలో అయితే మేస్త్రీ దీన్ని నా మొహాన కొట్టేవాడు," అని నవ్వింది. ఏడాదిలో అదే మొదటి నవ్వు.

ఇప్పుడా రెండు వేళ్ల పొడుగు లేదు.

"ఎలా ఉంది కొట్టక్కా?" అంటూ సంఘం అధ్యక్షురాలు ఎదురొచ్చింది. "ఒక్కొక్కరు ఒక్కో కొలతలో ఇచ్చారనుకోండి. ఇలా పెడితే ఫొటోలో ఏం బాగుంటుంది? నిన్నంతా కూర్చుని, అట్టముక్క ఆనించి, పొడుగున్నవన్నీ సమం చేశాను. గీత గీసినట్టు లేదూ?"

"సమం చేశారా? దేంతో?"

"కత్తెరతో."

"ఎన్నింటిని?"

"పద్నాలుగు."

"అంటే దుప్పటికి క్షవరం చేశారన్నమాట."

అధ్యక్షురాలు నవ్వబోయి, కొట్టక్క మొహం చూసి ఆగిపోయింది. కొట్టక్క పద్నాలుగింటిలో ఒకటి తీసుకుంది. అది ఎవరిదో పసుపు ముక్క. కత్తిరించిన అంచున వేలాడుతున్న తుంపులు దులిపి, కింద తగిలిన కొస పట్టుకుని లాగింది. వరుస మొత్తం పటపటా ఊడి దారమై చేతిలోకి వచ్చేసింది. మళ్లీ లాగింది. ఇంకో వరుస పోయింది.

"ఇది మగ్గం మీద నేసిన గుడ్డ కాదమ్మా కత్తిరించి మడత కుట్టుకోడానికి. ఒక కుట్టు ఇంకో కుట్టుని పట్టుకుని నిలబడుతుంది. పై కుట్టు తల నరికితే కిందది ఎవర్ని పట్టుకోవాలి? మీరు దీన్ని వేలానికి ఎత్తి చూపించండి. కొనేవాడి చేతికి వెళ్లేసరికి పద్నాలుగు చిల్లులుంటాయి."

అధ్యక్షురాలి మొహం పాలిపోయింది. "నాకేం తెలుసు కొట్టక్కా? నేను నేర్చుకుని నెలే కదా అయింది."

"తెలియనప్పుడు అడగాలి. వీధి చివర కొట్టు పెట్టుకుని కూర్చున్నాను. అడిగితే డబ్బులు పుచ్చుకుంటానా?"

"మీరు కాస్త శాంతించండి. కూర్చుని రెండు వరుసలు అల్లండి, మనసు కుదుటపడుతుంది." ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే నమ్మి అంది. అదే కొట్టక్కకి నషాళానికి అంటింది.

"పాతికేళ్లుగా అల్లుతున్నానమ్మా. అల్లితే కోపం పోయేదే అయితే ఈపాటికి నా ఒంట్లో చుక్క కూడా మిగలకూడదు. మా ఆడపడుచు ముప్ఫై ఏళ్లు కూలికి అల్లింది. అప్పుడు ఏ బ్యానరూ కట్టి ఇది ఆరోగ్యం అని ఎవరూ చెప్పలేదు. చెప్తే రెండు రూపాయలు ఎక్కువ అడుగుతుందని భయమేమో!"

నేరేడు రంగు ముక్క తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. తెగిన వరుసలు విప్పింది. మిగిలిన కుట్లని ఒక్కొక్కటే సూది మీదకి ఎక్కించింది. కొలతకి ఇప్పుడు నాలుగు వరుసలు తక్కువొచ్చాయి. ఆ నాలుగూ తనే అల్లి, పై అంచు మూసేసింది. ఆడపడుచు నాలుగింటికి వస్తుంది. ఆలోగా అతుకు తెలియకుండా పెట్టేస్తే సరిపోతుందనుకుంది. చెప్పి ఏడిపించడంలో ఎవరికీ లాభం లేదు.

ముక్కని దాని చోట పెట్టిందో లేదో, ఆడపడుచు మూడింటికే వచ్చింది. కొత్త చీర కట్టుకుని, కర్ర పొడుచుకుంటూ, నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. తన ముక్కని ఇట్టే కనిపెట్టింది. ఎడమ చేతి బొటనవేలితో కింది నుంచి పైకి నిమిరింది. పైన వేలు ఆగింది.

"వదినా, ఇక్కడి నుంచి ఇది నాది కాదు."

"నీదే అమ్మాయ్. అంచు కాస్త ఊడితే బిగించాను."

"నాతోనా చెప్తున్నావు? ఈ నాలుగు వరుసలూ ఎంత బిగుతుగా ఉన్నాయో చూడు. మేకు దిగ్గొట్టినట్టున్నాయి. ఎవరి మీద కోపంతో అల్లావు?"

కొట్టక్క చూపు పక్కకి తిప్పుకుంది. ఆమె చూపు ఎటుపోయిందో ఆడపడుచు చూసింది. బల్ల చివర కత్తెర, అట్టముక్క, రంగురంగుల తుంపుల కుప్ప కనిపించాయి. ఆ కుప్పలో నుంచి నేరేడు రంగు తుంపుల్ని వేళ్లతో వేరు చేసింది. గుప్పెడు కూడా లేవు.

"ఇది మూడు వారాల పని," అంది మెల్లగా. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "సూదులియ్యి వదినా. నువ్వు అల్లింది విప్పెయ్యి. ఆ నాలుగూ నేనే అల్లుతాను."

అధ్యక్షురాలు గడియారం చూసింది. "అమ్మా, నాలుగింటికి సభ మొదలు. మీకు ఎంతసేపు పడుతుందో ఏమో. ఈసారికి దీన్ని పక్కన పెడదాం. నా దగ్గర అదే రంగుది ఇంకొకటుంది."

కొట్టక్కకి అప్పటిదాకా ఉన్నది కోపం. ఇప్పుడు దానికి లెక్క కుదిరింది.

"వినండి. ఇంకా పదమూడు ముక్కలు అలాగే ఉన్నాయి. ఇక్కడికి వచ్చేవాళ్లలో అవి బాగుచెయ్యగలిగేవాళ్లు ఇద్దరం, ఈవిడా నేనూ. ఈ ముక్క పూర్తయి దుప్పట్లో చేరాకే నేను రెండోది ముట్టుకునేది. ఒక్క నిమిషం ముందు కూడా కాదు."

"అతిథులొస్తారు కొట్టక్కా! ఇది న్యాయమా?"

"న్యాయమని నేనన్నానా? ఇది బేరం. ఇష్టమైతే ఒప్పుకోండి. లేదంటే దుప్పటి ఎత్తండి, చూద్దాం."

అధ్యక్షురాలు దుప్పటి వైపు చూసింది. ఎత్తలేదు.

నాలుగింటికి హాలు నిండింది. ముందు వరసలో ఆడపడుచు చంకలో సూది ఇరికించుకుని అల్లుతోంది. ఒక కుట్టు ఎక్కుతుంది, ఒకటి జారుతుంది, జారినదాన్ని మళ్లీ పట్టుకుంటుంది. కొట్టక్క చేతులు కట్టుకుని పక్కన కూర్చుంది. మైకులో అధ్యక్షురాలు అల్లిక వల్ల కలిగే లాభాలు చెప్పింది. చెప్పడం అయిపోయింది. అల్లడం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

వెనక వరసలో నుంచి ఒకావిడ లేచింది. "అలా అల్లుతుంటే మీ చెయ్యి బాగవుతోందా అమ్మా?"

ఆడపడుచు తలెత్తలేదు. "ఏమోనమ్మా. డాక్టరు కదిలించమన్నాడు, కదిలిస్తున్నా. నాకొచ్చిన పని ఇదొక్కటే."

అయిదయింది. కొందరు లేచి వెళ్లిపోయారు. వేలం పాడతానని వచ్చిన పెద్దమనిషి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. "ఇంకా ఎంతసేపండీ?" అని విసుక్కున్నాడు.

"ఆవిడ చేతినడగండి," అంది కొట్టక్క. "తొందరుంటే తమరు వెళ్లిరండి. మా డబ్బులు మేమే వేసుకుంటాం."

ఆయన కూర్చున్నాడు.

అయిదున్నరకి చివరి కుట్టు మూసి, ఆడపడుచు దారాన్ని పళ్లతో కొరికింది. కర్ర తీసుకోకుండానే లేచింది. బల్ల అంచు పట్టుకుని నడిచి, ఖాళీగా ఉన్న చోట ముక్కని పెట్టి, ఒక్క చేత్తోనే నాలుగు గుండుసూదులు గుచ్చింది. అది మునుపటిలాగే ఒక పక్కకి ఒరిగి, పక్క ముక్క మీదకి వేలెడంత ఎక్కింది.

అధ్యక్షురాలి చెయ్యి దాన్ని సరిచెయ్యబోయింది. కొట్టక్క ఆ చేతి వైపు చూసింది. చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది.

"ఇప్పుడు మిగతా పదమూడూ ఇటివ్వండి," అంది కొట్టక్క.